చేసి చూసిన హోసియా

బ్రదర్ హోసియా లాటిమోర్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. మా ఊరి నవలా రచయిత్రి ఆర్డెల్లా విన్‌ఫీల్డ్ గారు ఏం రాసినా ఆయన చదివి ఊరుకునేవారు కాదు, వెళ్ళి చేసి చూసేవారు. చేసి చూసి, నిజమైతే నిజమని, కాకపోతే కాదని ఆ పుస్తకం అంచునే పెన్సిలుతో రాసిపెట్టేవారు. ఆ పుస్తకాలేమో నావి. అంటే బెతాబరా ఊరి లైబ్రరీవి. ఒక గది, రెండు కిటికీలు, ఆరు బీరువాలు ఉన్న ఆ లైబ్రరీకి ఇరవై రెండేళ్ళుగా పెద్దను నేనే, చీపురు పట్టేదాన్నీ నేనే.

నా పేరు లొరీన్ శాటర్‌ఫీల్డ్. పుస్తకం మీద గీత గీసిన మనిషిని పరలోకంలో కూడా నా పక్కన కూర్చోనివ్వను. అలాంటి నేను, ఆయన రాతలు చెరపడానికి కొన్న రబ్బరు ముక్కని సొరుగులో పడేసి ఏడాదయింది. ఆయన పోయి కూడా ఏడాదే. ఇప్పుడు ఆ పెన్సిలు రాత ఎక్కడైనా కనబడితే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటున్నాను. ఇక్కడ చెప్పబోయే చివరి సంగతి ఆయన బతికుండగా ఎవరితోనూ అననని మాటిచ్చాను. ఇప్పుడు చెప్పొచ్చని, అడగాల్సిన మనిషిని అడిగి తెలుసుకున్నాను.

హోసియా నలభై ఏళ్ళు మా ఊరి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర పనిచేశారు. చుట్టుపక్కల తెల్లవాళ్ళ మిల్లుల్లో మా పత్తి ఎప్పుడూ తక్కువే తూగేది. అది మిసిసిపీ గాలిలో ఉన్న గుణమని మా నాన్న అంటుండేవాడు. మా ఊరు మాది, నల్లవాళ్ళది. మిల్లూ మాదే. కాటా దగ్గర హోసియా నిలబడ్డాక దూదిపింజంత తేడా వచ్చిందన్నవాడు లేడు. ఆయన ఒక అంకె చెబితే మళ్ళీ తూచమని అడగడం అమర్యాదగా ఉండేది.

ఇక ఆర్డెల్లా గారు. ఆవిడ మా బడిపంతులు కూతురు. చికాగో వెళ్ళి పన్నెండేళ్ళు ఎవరింట్లోనో వంట చేసి, తిరిగొచ్చి, తన వంటింటి బల్ల మీద అయిదు నవలలు రాశారు. రాసేటప్పుడు వీధి తలుపు బార్లా తీసి ఉంచేవారు, ఊళ్ళోవాళ్ళ పోట్లాటలు సరిగ్గా వినబడాలని. మా మాట పక్క కౌంటీలో కూడా ఎవరూ చెవిన పెట్టని రోజుల్లో, మా మాటని మా నోట్లోంచి వచ్చినట్టే అచ్చులో పెట్టిన మనిషి ఆవిడ. అందుకని మా ఇళ్ళల్లో ఆవిడ పుస్తకం బైబిలు పక్కన ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో బైబిలు మీద ఉంటుంది, ఈ సంగతి పాస్టరుగారికి తెలియదు.

ఒకసారి చర్చిలో ఆవిడ చేత మాట్లాడించారు. "నేను కల్పించేది మనుషుల పేర్లే. మిగతాది ఏ మాట మీద అనుమానం వచ్చినా మీరు వెళ్ళి సరిచూసుకోవచ్చు" అన్నారు. అందరం చప్పట్లు కొట్టి భోజనాలకి లేచాం. ఆ మాటని పట్టుకున్నవారు హోసియా ఒక్కరే. అదీ వెంటనే కాదు. ఆవిడ పోయి, ఆయన మిల్లు పని మానేసి, వాళ్ళమ్మగారిని సమాధి చేసిన మరుసటి ఏడు మొదలుపెట్టారు.

మొదటి నవలలో ఒక పెళ్ళికొడుకు పీచ్ పళ్ళ కజ్జికాయలు పదకొండు తిని, లేచి నాట్యం చేస్తాడు.

"ఎలా చేశాడమ్మా?" అని వచ్చారు లైబ్రరీకి.

"నవల కదండీ బ్రదర్."

"నవలైతే ఏం? పొట్ట పొట్టే కదా."

ఆ వారం చర్చి వంటశాలలో పదకొండు కజ్జికాయలు వేయించి ముందు పెట్టారు. ఊరంతా చుట్టూ నిలబడింది. ఆరో దానికి కోటు విప్పారు, ఎనిమిదో దానికి బెల్టు వదులు చేశారు. తొమ్మిది అయ్యాక లేచి ఒక అడుగు వేసి, అక్కడే ఉన్న డాక్టరు భుజం మీద వాలిపోయారు. మర్నాడు మంచంమీంచే పుస్తకం తెప్పించుకుని రాశారు. "తొమ్మిది దాకా నిజం. నాట్యం ఆ మనిషి మర్నాడు చేసి ఉంటాడు."

రెండో నవలలో బట్టలుతికే ఒకావిడ నిండు నీళ్ళ తొట్టి నెత్తిన పెట్టుకుని, నాలుగు చరణాల కీర్తన పాడుకుంటూ, రేవు నుంచి చర్చి దాకా చుక్క ఒలకకుండా నడుస్తుంది. ఆదివారం నడిచిందని రాశారు కాబట్టి హోసియా కూడా ఆదివారమే నడిచారు. చర్చి మెట్ల దాకా బాగానే వచ్చారు. సరిగ్గా అప్పుడే లోపల పాస్టర్ మేబెరీ చేతులు చాచి, "నీళ్ళలో మునిగి కొత్త జీవితం మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందుకు రండి!" అని పిలుస్తున్నారు. ధడేలుమని శబ్దం. అందరం వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో హోసియా, నెత్తి నుంచి బూట్ల దాకా నీళ్ళు కారుతూ.

"బ్రదర్ హోసియా, మీకు బాప్తిస్మం ఇదివరకే అయిపోయింది కదా?" అన్నారు పాస్టరుగారు.

"అయిందండీ. ఇది సాహిత్యం."

మూడో నవలలో ఒకమ్మాయి, ప్రియుడు తనని వదిలేస్తూ రాసిన ఉత్తరాన్ని కోళ్ళకి చదివి వినిపిస్తుంది. ఆ బాధకి కోళ్ళు వారంపాటు గుడ్లు పెట్టవు. హోసియా ఇంట్లో ఏడు కోళ్ళున్నాయి, అలాంటి ఉత్తరం లేదు. ఆయన భార్య బతికినన్నాళ్ళూ ఆయన్ని వదిలే ఉద్దేశమే పెట్టుకోలేదు పాపం. ఉత్తరం కోసం ఇల్లిల్లూ తిరిగారు. చివరికి సిస్టర్ ఒడెస్సా గాంట్, పెళ్ళికి ముందు ఎవడో రాసిన ఉత్తరాన్ని పెట్టె అడుగు నుంచి తీసిచ్చింది. ఒడెస్సా మా చర్చి పాటల బృందంలోకెల్లా పెద్ద గొంతు మనిషి. ఆమె పాడితే కిటికీ అద్దాలు కూడా శ్రుతి కలుపుతాయి.

"కొంచెం భావం పెట్టి చదవండి బ్రదర్. గబగబా చదివేస్తే కోళ్ళకి ఎక్కదు" అని చెప్పి మరీ ఇచ్చింది.

భావం పెట్టే చదివారు. వారం తిరిగేసరికి మామూలుకన్నా రెండు గుడ్లు ఎక్కువ పెట్టాయి. "అబద్ధం. కోళ్ళకి మన ప్రేమలతో పనిలేదు" అని రాశారు. ఒడెస్సా రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. "నా ఉత్తరం విని కూడా గుడ్డు పెట్టబుద్ధి ఎలా వేసింది వాటికి!" అని నా దగ్గర కూర్చుని బాధపడింది.

ఇలా పదేళ్ళు. ఊరంతా నవ్వుకునేది, కానీ ఆయన రాసిన దాన్ని కాదన్నవాళ్ళు లేరు. కాటా మనిషి మాట. ఆర్డెల్లా గారి మేనకోడలు కూడా, "మా అత్త అలా రాసిందా? హోసియా గారు సరిచూశారా?" అని అడిగేది.

అయిదు నవలలూ అయిపోవచ్చాయి. నాలుగో నవలలో మాత్రం ఒక్క పేజీ అంచు తెల్లగా ఉండిపోయింది. రెండువందల పన్నెండో పేజీ. ఎవరైనా దాని ఊసెత్తితే, "నది ఒప్పుకోవాలి" అనేవారు, అంతే.

ఆ పేజీ సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు. అయినా చెప్పాలి.

పంతొమ్మిదివందల ఇరవై ఏడులో పెద్ద వరద వచ్చినప్పుడు లాటిమోర్‌ల కుటుంబం నదికి అవతలి ఒడ్డున వ్యవసాయం చేసేది. హోసియాకి అప్పుడు పదిహేడు. ఆయన చెల్లెలు రూతీకి నాలుగేళ్ళు. దానికి కంఠసర్పి వచ్చింది, గొంతు పూడుకుపోయి ఊపిరాడని జబ్బు. డాక్టరు ఉన్నది ఇవతల మా ఊళ్ళో. వానలో, మిట్టమధ్యాహ్నం, తల్లీ కొడుకూ ఆ బిడ్డని బండిలో వేసుకుని రేవుకొచ్చారు. పడవ నడిపే ఈనక్ పర్విస్ గుడిసె ఇవతలి ఒడ్డున ఉండేది. అవతలి వాళ్ళు కేకేస్తే పడవ వేసుకుని వెళ్ళాలి. ఆ రోజు పడవ గంట దాకా రాలేదు. వచ్చి ఎక్కించుకున్నాక, నది మధ్యలో రూతీ పోయింది.

వినబడలేదన్నాడు ఈనక్. వానలోంచి బండి ఆకారం కనబడ్డాకే బయల్దేరానన్నాడు. కొందరు నమ్మారు, కొందరు నమ్మలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆర్డెల్లా గారి నాలుగో నవల వచ్చింది. అందులో పడవవాడి పేరు ఈలై. తల్లి మూడుసార్లు పిలుస్తుంది. రెండువందల పన్నెండో పేజీలో ఇలా ఉంటుంది: "ఈలైకి వినబడింది. విని, గోడవైపు తిరిగి పడుకున్నాడు." ఇంకేముంది, అచ్చులో వచ్చింది. అనుమానం ఉన్నవాళ్ళకి కూడా తీరిపోయింది.

అప్పటినుంచి మా ఊళ్ళో ఒక మాట పుట్టింది. పిలిస్తే పలకనివాడిని "ఏం, ఈనక్ చెవి పెట్టుకున్నావా?" అంటారు. మొగుణ్ణి పెళ్ళాం అంటుంది, పిల్లల్ని టీచరు అంటుంది. ఈనక్ ఆ మాట వింటూనే ముసలివాడై పోయాడు. అతని కూతురు వెస్టా ఊళ్ళోనే ఉండిపోయింది. పెళ్ళి కాలేదు. పాటల బృందానికి గౌన్లు కుడుతుంది. చర్చి వార్షికోత్సవానికి చెట్ల కింద బల్లలు వేసి అందరి వంటకాలూ పెడతారు, వెస్టక్క చేసిన చిలగడదుంప తీపి రొట్టెని మాత్రం కోసినవాళ్ళుండరు. ఎవరూ ఏమీ అనరు, చెయ్యి దాన్ని దాటి పక్క గిన్నెలోకి వెళ్ళిపోతుంది, అంతే.

నేనూ తక్కువ తిన్లేదు. ఒకసారి పుస్తకం తిరిగివ్వని మంగలాయన్ని పట్టుకుని, "మూడు చీటీలు పంపాను, ఈనక్ చెవి పెట్టుకున్నావా?" అని అరిచాను. బీరువా వెనకనించి వెస్టక్క బయటికొచ్చి, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. నేను క్షమించమని కూడా అడగలేకపోయాను. అడగాలంటే ఆ మాట మళ్ళీ అనాలి కదా. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

హోసియా పరీక్షలు మొదలుపెట్టినప్పటి నుంచి వెస్టక్క ప్రతి శుక్రవారం లైబ్రరీకి వచ్చేది. పుస్తకం తీసుకోవడానికి కాదు.

"లొరీన్, ఆ పేజీ కొచ్చారా?"

"ఇంకా లేదక్కా."

"వచ్చేస్తారు. చచ్చిపోయింది ఆయన చెల్లెలు. ఊరికే వదిలేస్తారా?" అని ఒకరోజు కుర్చీలో కూలబడింది. "ఆయన 'నిజం' అని రాస్తే నేనింక ఈ ఊళ్ళో ఉండలేనే. నాన్న చచ్చేదాకా వినలేదనే చెప్పాడు. నమ్మినదాన్ని నేనొక్కదాన్నే. కాటా మనిషి కాదంటే నేను కూడా ఎలా నమ్మను?"

నేను లేచి ఆవిడకి కాఫీ ఇచ్చాను.

పదకొండో ఏడు ఏప్రిల్లో వారం రోజులు వదలకుండా వాన కురిసింది. గురువారం పొద్దున హోసియా రబ్బరు బూట్లతో లైబ్రరీలోకి వచ్చి నేలంతా బురద చేశారు.

"లొరీన్, నాలుగో పుస్తకం తీసుకుని రామ్మా. రేవు స్తంభం మీద ఇరవై ఏడు నాటి గీత దాకా నీళ్ళొచ్చాయి."

ఏర్పాట్లన్నీ ముందే చేసిపెట్టుకున్నారు ఆయన. ఈనక్ గుడిసె ఉన్నచోట, పుస్తకంలో చెప్పినట్టే, చెక్కలతో చిన్న పాక వేయించారు. లోపల ఒక నులకమంచం. అవతలి ఒడ్డునుంచి పిలవడానికి బడిలో సన్నగొంతు టీచరమ్మని మాట్లాడుకున్నారు. ఆవిడ హాజరు పిలిస్తే రెండో వరసకి వినబడదు. కానీ మేం రేవు చేరేసరికి ఒడెస్సా అక్కడ నడుముకి కొంగు చుట్టినంత పనిచేసి నిలబడి ఉంది.

"ఆ చీమ గొంతుతో పిలిస్తే పరీక్షవుతుందా బ్రదర్? కన్నతల్లి పిలుపండీ అది! నేనుండగా ఇంకొకరా?"

"ఒడెస్సా, నీ గొంతు మరీ..."

"మరీ ఏమిటి?"

"మరీ గొప్పది."

"అదే నేనూ అంటున్నాను" అని ఎర్రగొడుగు చంకలో పెట్టుకుని, ట్రక్కెక్కి, వంతెన మీదుగా పదకొండు మైళ్ళు తిరిగి అవతలికి వెళ్ళిపోయింది. పిలిచేముందు గొడుగు పైకెత్తాలని ఏర్పాటు. హోసియా మొహంలో రంగు పోయింది. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

ఊరు ఊరంతా గొడుగులేసుకుని వచ్చింది. ఇన్నేళ్ళకి లాటిమోర్ పగ తీరబోతోందని కొందరు గుసగుసలాడుకున్నారు. వెస్టక్క కూడా వచ్చింది. జనంలో కలవకుండా రోడ్డు పక్కన, గొడుగు లేకుండా, తడుస్తూ నిలబడింది. నా పక్కకి రమ్మని చెయ్యి ఊపాను. రాలేదు.

హోసియా పాకలోకి వెళ్ళి, పుస్తకంలో ఈలై చేసినట్టే టోపీ తీశారు, బూట్లు విప్పారు. ఆ చలికాలంలోనే ఆయన చెవికి వినికిడి యంత్రం పెట్టించుకున్నారు. అది లేకపోతే పక్కన పిడుగు పడినా "ఎవరూ?" అంటారు. పాక గుమ్మంలో గడియారం పట్టుకుని నిలబడ్డాను కాబట్టి నాకు కనబడింది. టోపీ తీసిన చెయ్యే మెల్లిగా చెవి దాకా వెళ్ళింది. యంత్రం తీసి చొక్కా జేబులో వేసుకుని, మంచమ్మీద పడుకుని, కళ్ళు మూసుకున్నారు.

అవతల ఎర్రగొడుగు లేచింది.

"ఓ పడవాయనా! బిడ్డ చచ్చిపోతోంది! పడవ తీసుకురా!"

వానని చీల్చుకుంటూ వచ్చింది ఆ పిలుపు. ప్రతి మాటా ఒలిచి అరచేతిలో పెట్టినట్టు వినబడింది. రేవు మీద పడుకున్న కుక్క లేచి నిలబడింది. రెండోసారి గొడుగు. మళ్ళీ ఆ పిలుపు. మూడోసారికి ఒడెస్సా తనని తాను మరిచిపోయి ఏడుస్తూ పిలిచింది. రోడ్డు పక్కన వెస్టక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది.

హోసియా లేచి కూర్చున్నారు. పెదాలు కదుపుతూ, చేత్తో సైగ చేస్తూ అడిగారు.

"గొడుగు ఎత్తిందా?"

మూడు వేళ్ళు చూపించాను.

"అయితే రాయి. హోసియా లాటిమోర్‌కి వినబడలేదు."

అప్పుడే ఆయన జేబులోంచి సన్నగా ఈల మొదలైంది. ఆ యంత్రాలు చెవిలోంచి తీస్తే అలాగే కూస్తాయి. ఊరంతా ఆ జేబు వైపు చూసింది. పాస్టర్ మేబెరీ ముందుకొచ్చి గట్టిగా, "బ్రదర్ హోసియా, మీ జేబు..." అన్నారు.

ఆయన పెదాలు చూసి అర్థం చేసుకున్నారు హోసియా. "నా జేబు సంగతి పుస్తకంలో లేదండీ పాస్టరుగారూ. మీకేమన్నా వినబడిందా?"

పాస్టరుగారు నోరు తెరిచారు. రోడ్డు పక్కనున్న మనిషిని చూశారు. మంచమ్మీద కూర్చున్న మనిషిని చూశారు. పోయిన బిడ్డ ఎవరి చెల్లెలో ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. గొడుగు సర్దుకుని అన్నారు.

"గాలి... గాలి ఎక్కువగా ఉందండీ."

"వాన కూడానూ" అన్నాడు మంగలాయన.

"నది హోరొకటి! చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది పోస్టాఫీసు నడిపే ఆవిడ. ఆ తర్వాత ఒకరినొకరు "ఏమన్నావూ?", "ఆ? వినబడట్లేదు!" అని అరుచుకోవడం మొదలుపెట్టారు. ఆ వారం తొమ్మిదో ఆజ్ఞ మీద, అంటే అబద్ధసాక్ష్యం మీద, చేయాల్సిన ప్రసంగాన్ని పాస్టరుగారు వేసవి దాకా వాయిదా వేశారు.

కథ అక్కడితో అయిపోయేదే. ఒడెస్సా మిగిలింది. ముప్పావుగంటకి ట్రక్కు దిగి, మెరిసిపోతూ వచ్చింది.

"ఎలా ఉంది? మూడోసారికి నా పక్కనున్న కొంగలు కూడా లేచిపోయాయి!"

ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. నేనే చెప్పాల్సొచ్చింది. "వినబడలేదు ఒడెస్సా."

"ఏమిటీ?"

"ఎవరికీ వినబడలేదు."

"నా గొంతా! ముగ్గురు కొడుకుల్ని మైలు దూరం పొలంలోంచి భోజనానికి పిలిచిన గొంతా! మీకందరికీ ఏం..." అంటూ చుట్టూ చూసింది. అందరి మొహాలూ చూసింది, చివరికి రోడ్డు పక్కకి చూసింది. మా ఊళ్ళో ఒడెస్సాకి ఉన్న ఆస్తి ఆ గొంతు ఒక్కటే. అందుకని ఆమె ఎంతసేపు నిలబడిందో నేను లెక్కపెట్టుకోలేదు. ఆఖరికి గొడుగు ముడిచి, రెండుసార్లు దగ్గింది.

"పొద్దుట్నుంచీ గొంతు బొంగురుగానే ఉందిలే. జలుబు" అంది.

ఆ జలుబుని ఆమె రెండు నెలలు జాగ్రత్తగా కాపాడుకుంది.

హోసియా పెన్సిలు చాచారు. నేను నా సంచిలోంచి పెన్ను తీసి, ఆ పేజీ అంచున సిరాతో రాశాను. నా జన్మలో లైబ్రరీ పుస్తకంలో నేను రాసిన ఒకే ఒక్క వాక్యం అది.

తిరిగొచ్చేటప్పుడు హోసియా ట్రక్కు నడపలేనన్నారు. తాళాలు నా చేతిలో పెట్టారు. నేను నడిపాను. రోడ్డు పక్కన వెస్టక్క దగ్గర ఆపి ఎక్కించుకున్నాం. ముగ్గురం ఒకే సీటు మీద, నీళ్ళోడుతూ. హోసియా యంత్రం చెవిలో పెట్టుకున్నారు.

"బ్రదర్ హోసియా, నాకు వినబడింది" అంది వెస్టక్క.

ఆయన తలొంచుకున్నారు.

"ఒడెస్సా పిలిచిన ప్రతి మాటా వినబడింది. అందరికీ వినబడింది. అంటే మా నాన్నకీ వినబడే ఉంటుంది. మీరు జాలిపడి కాదన్నారు. నేనింక ఆయన్ని నమ్మడమెలా చెప్పండి? దానికన్నా నిజం రాసేసినా బాగుండేది."

"ఒడెస్సా పిలిచింది కాబట్టి వినబడిందమ్మా. ఆ రోజు ఎవరూ పిలవలేదు."

నేను ట్రక్కు పక్కకి ఆపేశాను.

ఆయన మా ఇద్దరినీ చూడకుండా, ముందు అద్దం మీద వాన చూస్తూ చెప్పారు. "నేను బండిలో రూతీని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. అమ్మ నీళ్ళ అంచున నిలబడింది. నాకామె వీపే కనబడింది. పిలుస్తోందనే అనుకున్నాను. గాలికి నాకు వినబడట్లేదనుకున్నాను. పోయే ముందు మంచంలో చెప్పింది అమ్మ. 'నోరు తెరిచాను హోసియా, పిలుపు రాలేదు. మూడు రోజులు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పిలిచాననే అనుకున్నాను. తర్వాత పిలవలేదని తెలిసినా ఒప్పుకోలేకపోయాను' అంది. నేనైనా బండి దిగి ఒక్క కేకేస్తే పోయేది. వెయ్యలేదు. మీ నాన్న అబద్ధం చెప్పలేదమ్మా. వినడానికి ఏమీ లేదు అక్కడ."

వెస్టక్క తడిసిన శాలువా అంచుని నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుపు శబ్దం లేకుండా ఉంది. పుస్తకాల పరీక్షలు వాళ్ళమ్మగారు పోయిన మరుసటి ఏడే ఎందుకు మొదలయ్యాయో, కాటా దగ్గర నలభై ఏళ్ళు సంపాదించిన నమ్మకానికి ఇంకో పదేళ్ళు ఎందుకు జతచేశారో నాకప్పుడు తెలిసింది. ఈ ఒక్క పేజీ నమ్మించడానికి ఆయన మిగతా పేజీలన్నీ చేసి చూశారు.

"మరి ఆర్డెల్లా గారు?" అన్నాను.

"ఆవిడ జబ్బుపడ్డప్పుడు వెళ్ళి అడిగాను. ఈనక్‌కి వినబడిందని మీకెవరు చెప్పారూ అని. 'ఎవరూ చెప్పలేదు. కథకి ఆ మాట కావలసొచ్చింది హోసియా. నేను రాసింది పిలుపు విని కూడా గోడవైపు తిరిగే మనందరి గురించి. ఊరికి మాత్రం ఒక్క మనిషే కావలసొచ్చాడు' అని ఏడ్చారు. 'నేను దిద్దితే ఎవరూ నమ్మరు. నువ్వెప్పుడైనా సరిచూడు' అన్నారు."

వెస్టక్క శాలువా దించింది. గొంతు సర్దుకుని, కొంచెం కోపంగానే అడిగింది.

"మీ అమ్మగారి మాట ఊళ్ళో చెప్పేస్తే సరిపోయేదిగా? దీనికోసం పదేళ్ళు కజ్జికాయలు తినడం, నీళ్ళు నెత్తిన పోసుకోవడం, కోళ్ళకి ఉత్తరాలు చదవడం ఏమిటండీ?"

"చెబితే మర్నాటి నుంచి ఈనక్ చెవి పోయి, లాటిమోరమ్మ నోరు వచ్చేది. మన ఊరి సంగతి నీకు తెలీదా? ఎవరో ఒకరి మీద వేస్తే గాని నిద్రపట్టదు దీనికి. అందుకని గాలి మీద వేశాను. గాలికి కూతుళ్ళుండరు."

వెస్టక్క ఆయన వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. మళ్ళీ ఏడుస్తోందనుకుని నేను చెయ్యి పట్టుకున్నాను. హోసియా చెవిలో యంత్రం ఒకసారి కూసి ఊరుకుంది. తడిసి పాడైపోయినట్టుంది.

"అదేమిటి, ఏడుస్తున్నావా అమ్మా?" అన్నారు గాభరాగా.

"లేదండీ, నవ్వుతున్నాను."

"ఆ?"

"నవ్వుతున్నానండీ!"

"అయితే గట్టిగా నవ్వమ్మా" అన్నారు హోసియా చెవి దగ్గర చెయ్యి పెట్టి. "నాకు వినబడట్లేదు."